బంగాళాదుంప గారికి ఒక రంగుల ఫిర్యాదు

గౌరవనీయులైన బంగాళాదుంప గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం రాస్తున్న సమయానికి మీ వాళ్లు అరకిలో మా వంటింట్లో బాణలిలో వేగుతున్నారు. అది మనసులో పెట్టుకోకండి. నా ఫిర్యాదు వేపుడు గురించి కాదు, ఫొటోల గురించి.

మిమ్మల్ని మాలో కొందరు ఆలుగడ్డ అంటారు, కొందరు ఉర్లగడ్డ అంటారు. ఎక్కడో పెరూ కొండల్లో పుట్టి, మా దగ్గరికొచ్చేసరికి బంగాళా అని ఇంటిపేరు తగిలించుకున్నారు. ఇన్నాళ్లూ మీ ప్రతాపం కూర, సమోసా, బజ్జీ వరకే అనుకున్నాను. ఫ్రాన్సులో మీరు నడిపిన వ్యవహారం ఈ మధ్యే తెలిసింది.

లూమియర్ అన్నదమ్ములు మాకు కొత్తవాళ్లేం కాదు. 1895లో పారిస్‌లో టికెట్టు పెట్టి జనానికి సినిమా చూపించింది వాళ్లే. ఆ జబ్బు మాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ అన్నదమ్ములే 1903లో రంగుల ఫొటోకి పేటెంటు తీసుకుని, 1907లో ఆటోక్రోమ్ అని పేరు పెట్టి అమ్మకానికి దించారు. అందులో రంగుల పని ఎవరిదయ్యా అంటే, మీదే! మీ పిండిలోంచి మిల్లీమీటరులో వందో వంతు ఉండే రేణువుల్ని ఏరారు. మూడు వాటాలు వేసి ఒకదానికి నారింజ, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి ఊదా రంగు పట్టించారు. అన్నీ కలిపేసి, జిగురు పూసిన గాజు పలక మీద ఒకే ఒక్క పొరగా చల్లారు. సందుల్లో మసి కూరారు. చదరపు అంగుళానికి దాదాపు 40 లక్షల రేణువులట. సంక్రాంతి నెలంతా ముగ్గు చిప్ప కింద పెట్టని మా మేనత్త కూడా ఆ లెక్కకి దండం పెట్టేస్తుంది. దాని మీద ఫొటో మందు పూత. వెలుతురు ముందు మీలోంచి వడకట్టుకుని, తర్వాతే మందుకి తగిలేది. కడిగాక ఆ పలకనే వెలుగుకి అడ్డంగా పట్టుకుంటే, లోకం రంగుల్లో కనబడేది.

ఇదే పిండి పదార్థంతో మేం సాధించిందేమిటి? పంచెకి గంజి పెట్టుకున్నాం.

సరే, ఫిర్యాదుకొస్తాను. మీ ఫొటో ఎవరికి చూపించినా ఒకటే మాట: “అబ్బ, నిన్న తీసినట్టుందే!” 1913లో మెర్విన్ ఓ గార్మన్ అనే ఇంజనీరు ఇంగ్లండులో లుల్‌వర్త్ కోవ్ అనే సముద్రతీరంలో క్రిస్టీనా అనే అమ్మాయిని ఎర్ర బట్టల్లో తీశాడు. దాన్ని చూసినవాడల్లా ఇదే మాట అంటాడు. నిన్న తీసినవి నా ఫోన్లో నాలుగు వేలున్నాయండీ. ఒక్కటీ తెరిచి చూసిన పాపాన పోలేదు. నూరేళ్లు దాటినది నిన్నటిలా ఉంటే కళ్లు చెమరుస్తాయట, నిజంగా నిన్నటిదైతే స్టోరేజీ నిండిపోయిందని తీసేస్తారట.

నేనూ ఆ మాయలో పడ్డాను లెండి, ఎందుకు అబద్ధం. నలుపు తెలుపు ఫొటోలు చూసీ చూసీ, పాతకాలం వాళ్లు బూడిద రంగు ఆకాశం కింద పుట్టి, బూడిద రంగు అన్నం తిని, నవ్వకుండా పోయారని నాకో గట్టి నమ్మకం ఉండేది. మీ పలకల్లో ఒకటి దాన్ని చెడగొట్టింది. 1917, మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్రాన్సులో రెమ్స్ పట్టణం. సైన్యం పంపిన ఫొటోగ్రాఫర్లు తీసినది. ఒక చిన్నపిల్ల నేల మీద కూర్చుని బొమ్మతో ఆడుకుంటోంది. పక్కనే తుపాకులు, ఒక సిపాయి సంచి. నలుపు తెలుపులో అయితే ‘యుద్ధం’ అని తల పంకించి పేజీ తిప్పేసేవాణ్ని. రంగుల్లో ఆ పిల్ల చారిత్రక వ్యక్తి కాదు. అన్నానికి పిలిస్తే “ఉండమ్మా, ఆడుకుంటున్నా” అనే పిల్ల. తుపాకులు కూడా అలాగే, ఎవరో ఇప్పుడే పెట్టి నీళ్లు తాగడానికి వెళ్లినట్టున్నాయి. చాలాసేపు ఆ ఫొటో దాటి పోలేకపోయాను.

కానీ దీని వెనకాల మీరు చేసిన ఘరానా మోసం ఒకటుంది.

మా పెదనాన్న పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మీ పారిస్ వీధి ఫొటో ఒకటి పెడతాడు. కింద “ఎంత ప్రశాంతం! ఆ రోజులే వేరు” అని రాసి రెండు చేతులు జోడిస్తాడు. ఆయన చెన్నైలో చదువుకుని హైదరాబాదులో రిటైరైన మనిషి, పారిస్ ఎన్నడూ చూడలేదు. అయినా పారిస్‌లో పోయిన ప్రశాంతతకి ఈయన బెంగ.

ఏం ప్రశాంతం, నా మొహం! వచ్చిన వెలుతురులో ముప్పాతిక పైగా మీరే మింగేసేవారు కదా. మండుటెండలో కూడా కెమెరా సెకను, ఆపైన కన్ను తెరుచుకుని ఉండాలి. మబ్బు పడితే ఇంకెన్నో సెకన్లు. ఆ లోపు పరుగెత్తే కూలీ, అరిచే పళ్లవాడు, గుర్రబ్బండి, బడికి ఆలస్యమైన పిల్లాడు, ఒక్కడూ పలక మీద నిలిచేవాడు కాదు. నిలిస్తే పొగలా నిలిచేవాడు. అంటే మీరు జనాన్ని వడకట్టేసి, నిలబడ్డవాళ్లని మాత్రం మాకు వడ్డించారు. గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ, కొట్టు ముందు చేతులు కట్టుకున్న షావుకారు, పని లేని సిపాయి. మా పెదనాన్న ప్రశాంతత అనుకుంటున్నది కెమెరా నత్తనడక.

రష్యాలో ప్రొకూదిన్ గోర్‌స్కీ అని ఇంకొకాయన ఉండేవాడు. మీ జోలికి రాకుండా ఒకే దృశ్యాన్ని మూడు రంగుటద్దాల్లోంచి మూడుసార్లు తీసేవాడు. ఆయన ఫొటోల్లో కదిలినవాళ్లు కనీసం ఎర్ర, పచ్చ, నీలి దయ్యాలుగానైనా మిగిలారు. మీరు ఆ మర్యాద కూడా చేయలేదు.

ఆల్బర్ట్ కాన్ అనే పారిస్ బ్యాంకరు మిమ్మల్ని నమ్ముకుని లోకమంతా పలకల మీదికి ఎక్కించాలనుకున్నాడు. 1909 నుంచి 1931 వరకు, యాభై దేశాల దాకా మనుషుల్ని పంపి 72,000 పలకలు పోగేశాడు. 1913లో ఇద్దరు ఆడవాళ్లు, మార్గెరీత్ మెస్పూలే, మదలీన్ మిన్యోన్, ఐర్లండు వెళ్లి గాల్వే పక్కనే ఉన్న క్లాడా అనే జాలరి పేటలో ఎర్ర బట్టల పల్లెపడుచుల్ని తీశారు. స్టెఫాన్ పాసే అనే ఆయన ఆ శీతాకాలంలోనే మన దేశం వచ్చాడు. 1929లో షేర్లు కూలాయి, కాన్ దివాలా తీశాడు. ప్రపంచంలో అందరినీ ఫొటో తీయించిన ఈ పెద్దమనిషికి తనని తీస్తే గిట్టేది కాదట. మీ సంగతి ఆయనకి ముందే తెలిసినట్టుంది.

ఇక మా ఇంటి సంగతి. మా నాయనమ్మది ఒకే ఒక్క పాత ఫొటో ఉంది, ఒళ్లో మా నాన్నని కూర్చోబెట్టుకుని. నలుపు తెలుపుదే, కానీ స్టూడియో వాడు తర్వాత కుంచెతో రంగులద్దాడు. బుగ్గలకి గులాబి, చీరకి చిలకాకుపచ్చ. మా తమ్ముడి కొడుకు దాన్ని మళ్లీ ఏదో యాప్‌లో పెట్టాడు. యాప్ ఆలోచించి చీరకి మట్టి రంగు ఇచ్చింది, నాయనమ్మకి నీలి కళ్లు ఇచ్చింది. మీ గురించి ఇంత తిట్టినా ఒకటి ఒప్పుకోవాలి: మీరు ఊహించి రంగు వేయరు. ఆ రోజు ఆ బట్ట మీద పడి వచ్చిన వెలుతురే మీలోంచి దూరుతుంది.

అసలు రంగు మాకు తెలుసు. ఆ చీర చిరిగాక నాయనమ్మ బొంతలో వేసి కుట్టింది. అటక మీద బొంత ఇంకా ఉంది. ఒక మూల జానెడు ముక్క, మడతలో దాక్కున్నచోట వెలవకుండా: వంకాయ రంగు, ఆవపువ్వు రంగు అంచు. “ఇదేరా ఆ ఫొటోలో చీర” అని చూపించేది.

ఆ రోజు స్టూడియోలో కుంచె వాడి బదులు మీరు ఉండి ఉంటే ఆ వంకాయ రంగు దక్కేది కదా అని చాలాసార్లు అనుకున్నాను. కానీ మా నాయనమ్మ ఒక్క సెకను ఊరికే కూర్చున్న మనిషి కాదు. ఉన్న ఆ ఒక్క ఫొటోలోనే పిల్లాడి కాళ్లు పట్టుకున్న చేయి అలికేసినట్టుంటుంది. మీ పలక మీదైతే బల్ల, తెర, పూలకుండీ చక్కగా పడేవి. మధ్యలో వంకాయ రంగు పొగ.

ఇట్లు,
మీ వేపుడు తినబోతున్న
ఒక అభిమాని