డీలరుకు డిప్లొమా, రైతుకు గంటన్నర సదస్సు

వరిలో రసం పీల్చే సుడిదోమ పురుగు కనబడగానే రైతు ఏం చేస్తాడు? ఓ దుబ్బు పీకి సంచిలో వేసుకుని మందుల షాపుకు వెళ్తాడు. అక్కడ సలహాకు ఫీజు లేదు, మందు డబ్బులు పంటయ్యాక ఇవ్వొచ్చు. పల్లెల్లో చాలామందికి వ్యవసాయ పాఠం చెబుతున్నది ఆ కౌంటరే. ఈ సంగతి తెలిసే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ) 2003లో ఈ షాపుల డీలర్ల కోసం ‘దేశీ’ అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. మంచి పనే. మరి మందు అమ్మేవాడికి ఏడాది చదువు కావాల్సి వస్తే, అదే మందు కొని కొట్టే రైతుకు గంటన్నర సదస్సు, ఓ కరపత్రం సరిపోతాయా?

సుడిదోమ సంగతే చూడండి. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. ఆకుల మీద పిచికారీ చేసిన మందు అక్కడిదాకా దిగదు. గుడ్లేమో ఆకు తొడుగుల లోపల భద్రంగా ఉంటాయి. తొందరపడి ఘాటు మందు కొడితే ముందు చచ్చేవి దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు. తర్వాత గుడ్లు పగిలేసరికి పిల్లదోమలకు అడ్డే ఉండదు. యూరియా కూడా ఎక్కువ వేసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నాట్లప్పుడే రెండు మీటర్లకో కాలిబాట వదలమని, మధ్యమధ్య పొలం ఆరబెట్టమని శాస్త్రవేత్తలు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. బాట వదిలితే అంత నేలా దండగ అనుకునే రైతు ఉపన్యాసానికి లొంగడు. పక్క మడిలో తేడా చూస్తే లొంగుతాడు.

ఇదే దోమ దెబ్బకు ఇండోనేషియా 1986లో వరి మీద 57 పురుగుమందులను నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో పొలంబడులు పెట్టింది. పాతిక మంది రైతులు పంటకాలమంతా వారం వారం మడిలోకి దిగి పురుగులు లెక్కపెడతారు. చార్టు మీద మొక్క బొమ్మ గీసి, ఓ పక్క శత్రు పురుగులు, మరో పక్క మిత్ర పురుగులు వేస్తారు. మందు కొట్టాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు. పొలంబడి మనకూ కొత్త కాదు. నా అనుమానమల్లా అది సీజనంతా సాగుతోందా, ఫొటో అప్‌లోడ్ కాగానే అయిపోతోందా అనే.

ఇంకో తిరకాసు ఉంది. పొలంబడికి పిలుపు వెళ్లేది పట్టాదారుకు. సాగు చేసేది చాలాచోట్ల కౌలు రైతు. వంగి కలుపు తీస్తూ పురుగును అందరికంటే ముందు చూసేది కూలికొచ్చిన ఆడమనిషి. ఆమె పని మానుకుని బడికి రావాలంటే చార్టులు, టీ బిస్కెట్ల లెక్కలోనే ఆమె ఆ పూట కూలి కూడా రాయాలి.