టెర్మినల్ ఎమ్యులేటర్ గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ టెర్మినల్ ఎమ్యులేటర్ గారి సముఖమునకు,

రామచంద్రపురం నుంచి ఒక రిటైర్డ్ కంప్యూటర్ ఆపరేటరు వ్రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ దాళ్వా నాట్లు పూర్తయ్యాయి. ఇంటి నుంచే రాత్రి డ్యూటీ చేసుకుంటున్న మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో, కంప్యూటరు చేత మరో యంత్రపు తెరలా వేషం కట్టించే ప్రోగ్రాము అయిన తమరు ఇప్పటికీ కులాసాగా కొలువై ఉండడం కళ్లారా చూసి, పాత పరిచయం కొద్దీ ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

లోకంలో చేతకానివాళ్లు అన్నీ వచ్చినట్టు నటించి ఉద్యోగాలు సంపాదించుకోవడం మామూలే. అన్నీ వచ్చిన యంత్రం చేత ఏమీ రానట్టు నటింపజేసి పేరు తెచ్చుకున్నవారు మాత్రం తమరే. 1977లో వచ్చిన వ్యాక్స్-11/780 సామాన్యమైనది కాదు. 32 బిట్ల మినీ కంప్యూటరు, ఎందరో ఒకేసారి కూర్చుని పని చేసుకోగలిగిన యంత్రం. అంతటిదీ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటరు దొరవారి గుమ్మం ముందుకు వెళ్లేసరికి, తానూ ఒక కంప్యూటరునేనన్న సంగతి దాచిపెట్టి, దొరవారికి తగిలించే 1971 నాటి 3270 తెరలాగా చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చేది. పెద్ద ఫైళ్లు పంపవలసి వస్తే మరీ విడ్డూరం: చిల్లుల కార్డు అన్నది మచ్చుకైనా లేని మినీ కంప్యూటరు తనను 2780 అనే కార్డు రీడరుగా పరిచయం చేసుకుని, డిస్కులోని సమాచారాన్ని 80 అక్షరాలకొక ముక్కగా కోసి పంపేది. ఆ 80 ఎక్కడిదంటే 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుది.

పోనీ, గుమ్మం దాటాక నోరు విప్పనిచ్చేవారా అంటే అదీ లేదు. ఒకే లైను మీద ఉన్న కంట్రోలర్లను, అంటే తెరల గుంపులను నడిపే పెట్టెలను, 'చెప్పవలసినది ఏమైనా ఉందా' అని దొరవారి తరఫు యంత్రం వరుసగా అడుగుతూ పోతుంది. తన వంతు వచ్చేదాకా ఎవరూ పలకకూడదు. మా కాలువల మీద వంతులవారీ నీటి కోసం కాచుకుని ఉండే శివారు రైతు పరిస్థితీ అదే గానీ, అతడు కనీసం లస్కరుతో పోట్లాడతాడు.

తమ అసలు నైపుణ్యం మాత్రం వ్యాక్స్‌కు తగిలించుకునే వీటీ100 అనే తెర, కీబోర్డుల దగ్గర బయటపడింది. ఆ తెర మీద ఒక మీట నొక్కితే ఆ అక్షరం అప్పటికప్పుడే వ్యాక్స్‌కు చేరుతుంది. 3270 పద్ధతి అది కాదు. ఫారమంతా తెరలోనే నింపుకుని, ఎంటర్ నొక్కినప్పుడు మార్చిన గడులను మాత్రం ఒక్క మూటగా పంపుతుంది. అందుచేత తమరు నిజానికి లేని 3270 తెరను ఒకటి వ్యాక్స్ మెమరీలో సృష్టించి, గుమాస్తా కొట్టిన ప్రతి అక్షరాన్నీ అందులో పేర్చుకుంటూ, దొరవారికి మూట మాత్రమే కనిపించేలా చూసేవారు. ఒప్పుకుంటున్నాను, అది గొప్ప పనే. 3270కి పీఎఫ్ అనే ప్రత్యేక పనుల మీటలు 24 దాకా ఉంటే వీటీ100కు ఉన్నవి నాలుగే కనుక, మిగిలినవాటికి రెండేసి మీటలు వరుసగా నొక్కే విద్య మా చేత కంఠస్థం చేయించారు. ఏ మీటకు ఏ జత అన్నది అట్టముక్క మీద రాసి తెర పక్కన అంటించుకునేవాళ్లం.

అసలు 3270లో రాయకూడని గడిలో రాస్తే కీబోర్డు బిగుసుకుపోయి, అడుగున 25వ వరుసలో ఒక ఇంటూ గుర్తు, దాని పక్కన రెండువైపులా బాణాలతో చిన్న మనిషి బొమ్మ కనిపించేవి. 'ఇక్కడ కాదు, పక్కకు జరుగు' అని దాని భావం. వీటీ100కు ఉన్నవి 24 వరుసలు, ఆ 24నూ దొరవారి ఫారమే ఆక్రమించుకునేది. ఇక ఆ చిన్న మనిషి నిలబడడానికి చోటేదీ? కీబోర్డు మాత్రం యథావిధిగా బిగుసుకునేది. 'ఏవండీ, మళ్లీ బిగిసిపోయిందండీ' అని గుమాస్తా కేకవేస్తే, కారణం కనిపించని రోగానికి రీసెట్ అనే మందు వేయడమే నా ఉద్యోగం.

అక్షరాల గొడవ క్లుప్తంగా చెబుతాను. ఏ అనే ఇంగ్లీషు అక్షరం, అక్షరాలను అంకెలుగా రాసుకునే ఆస్కీ పద్ధతిలో 65, దొరవారి ఎబ్సిడిక్ పద్ధతిలో 193. పైగా ఎబ్సిడిక్‌లో ఐ 201 అయితే జె 209. ఆ మధ్య ఖాళీ దేనికో దొరవారు మినీ కంప్యూటరుకు సంజాయిషీ ఇవ్వలేదు. ఇటూ అటూ మార్చే చాకిరీ ఎప్పుడూ చిన్నవాడిదే.

ఇప్పుడు ఆ సరుకంతా పోయింది. వ్యాక్స్ పోయింది, వీటీ100 పోయింది, అసలు 3270 తెర ఎలా ఉంటుందో మా మేనల్లుడు చూడనే లేదు. తమరు మాత్రం టీఎన్3270 అని పేరు మార్చుకుని, ఇంటర్నెట్ దారి పట్టి, అంత ఖరీదైన ల్యాప్‌టాప్‌ను అర్ధరాత్రి 24 వరుసలు, 80 నిలువుల నల్లటి తెరగా మార్చి, ఆకుపచ్చ అక్షరాలతో అతడిని కూర్చోబెట్టారు. నకలే అసలై కూర్చున్నాక, తమరు ఎవరిని అనుకరిస్తున్నారో అడిగే నాథుడే లేడు. అనుకరణ ఆగిందా, ఆ అవతల ఎవరి పాలసీ లెక్కో, ఎవరి ఖాతానో ఆగిపోతుంది. అందువల్ల తమరిని పొమ్మనే ధైర్యం నాకూ లేదు.

ఒక్క మనవి. ఈ ఉత్తరం చదివాక పొరపాటున కూడా ఎంటర్ నొక్కవద్దు. క్లియర్ నొక్కండి. తెర మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, దొరవారికి ఎవరో క్లియర్ నొక్కారన్న కబురు తప్ప ఇందులోని ఒక్క ముక్క కూడా చేరదు.

ఇట్లు,
తమ పూర్వ సేవకుడు,
రామచంద్రపురం