జర్మనీ కషాయంపై శ్రీకాకుళం నివేదిక

మొన్న డిసెంబరు నెలాఖరున మా ఇంట్లో ఒక అంతర్జాతీయ సమస్య తలెత్తింది. అది తేలేసరికి భోగి ముందు రోజు వచ్చింది. ఇవాళ మా ఇంటికొచ్చింది రేపు మీ ఇంటికి రాదని లేదు. ప్రతి వీధికీ ఒకడు విదేశంలో ఉన్నాడు, ప్రతివాడూ వచ్చేటప్పుడు ఏదో ఒక సీసా పట్టుకునే వస్తాడు. అందుకని జరిగినదంతా దాపరికం లేకుండా ప్రజల ముందు పెడుతున్నాను.

సమస్య పేరు గ్లూవైన్. తెచ్చినవాడు మా మేనల్లుడు. స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం. అందరికీ చాక్లెట్లు, వాళ్ల అమ్మమ్మకి మోకాళ్ల నొప్పుల మందు, నాకు మాత్రం తువ్వాల్లో చుట్టిన ఒక లీటరు సీసా తెచ్చాడు. చీకటి పడ్డాక మేడ మీదికి పిలిచి చేతిలో పెట్టాడు.

"మావయ్యా, ఇది చలికాలంలోనే దొరుకుతుంది. అక్కడ క్రిస్మస్ సంతల్లో నిలబడి వేడివేడిగా తాగుతారు."

వేడిగా అనగానే నాకు అనుమానమొచ్చింది. మందు ముందు కూర్చున్నవాడు ఐసు అడగడం చూశాను గానీ పొయ్యి అడగడం చూడలేదు. పక్కింటి లెక్కల మాష్టారైతే పేరు దగ్గరే ఆగిపోయారు. "గ్లూ అంటే జిగురు కదండీ" అన్నారు. జర్మన్ భాషలో ఆ మాటకు నిప్పులా కణకణలాడేది అని అర్థమని మావాడు చెప్పాడు. అయినా మాష్టారికి నమ్మకం కుదరక, సీసా తిరగేసి అడుగున ఏమైనా పేరుకుందేమోనని దీపానికి ఎదురుగా పెట్టి చూశారు.

మా ఊరి చలి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు దిగితే చాలు, మాకు మంకీ టోపీలు బయటికొస్తాయి. ఏడు రోడ్ల జంక్షన్లో టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని "ఏటి చలి బాబూ" అని ఒకళ్లనొకళ్లు పరామర్శించుకుంటాం. అదే 18 డిగ్రీలు వస్తే తన ఊళ్లో జనం నిక్కర్లేసుకుని పార్కులకు బయల్దేరతారని మావాడన్నాడు. కాబట్టి ఈ పానీయానికి కావలసిన చలి మా దగ్గర లేదు. చలి వేస్తోందన్న పట్టుదల మాత్రం ఐరోపా మొత్తానికి సరిపడా ఉంది.

సీసా మీది అక్షరాలు మావాడు చదివి వినిపించాడు. ఎర్ర వైను, పంచదార, దాల్చినచెక్క, లవంగం, అనాసపువ్వు, కమలా తొక్క. మా ఆవిడ మెట్ల మీద నిలబడి విని, "బిర్యానీ సామాన్లు. బియ్యం, కోడి మర్చిపోయారు" అని కిందికి దిగిపోయింది. ఐరోపాలో దీనికి చట్టం కూడా ఉందట. దాల్చినచెక్కో లవంగమో ముఖ్యంగా ఉండాలి, ఆల్కహాలు 7 శాతానికి తగ్గకూడదు, నీళ్లు కలపకూడదు. ఈ చివరి షరతు మా అమ్మను కదిలించింది.

"సారాలో నీళ్లు కలపకూడదని చట్టమా! మనకీ పాలకి ఉందిలే చట్టం. మన పాలవాడికి ఆ సంగతి ఎవులూ చెప్పనేదు."

ఇంకో వింత, సంతలో ఈ వైను పోసిచ్చే కప్పుకి డిపాజిట్ కట్టాలట. కప్పు తిరిగిస్తే డబ్బు తిరిగిస్తారు. మావాడు ఇదేదో నాగరికత అన్నట్టు చెప్పాడు. వేసవిలో మన చలివేంద్రాల్లో గ్లాసుకి గొలుసు కట్టడం వాడు మర్చిపోయినట్టున్నాడు. మనకి డిపాజిట్ లెక్కలుండవు, చిల్లర గొడవలుండవు. గ్లాసు దానికదే అక్కడే ఉంటుంది.

ఇక అసలు కష్టం. మా ఇంట్లో మందు తాగరు. అంటే, అమ్మకి తెలిసేలా తాగరు. అందుకని దీన్ని జర్మనీ కషాయంగా ప్రకటించాం. అబద్ధమేమీ కాదు కూడా. కానీ కషాయం అన్నాక ఆ శాఖ అమ్మది. సీసా నా చేతిలోంచి తీసుకుని వంటింట్లోకి నడిచింది. మావాడు వెనకాలే పరిగెత్తాడు.

"అమ్మమ్మా, మరిగించకూడదు. ఆల్కహాలు 78 డిగ్రీలకే ఆవిరైపోతుంది. గోరువెచ్చకన్నా కొంచెం ఎక్కువ, అంతే."

"మరగనిది కషాయమేటిరా? నాలుగో వంతుకి దిగాలి."

అర లీటరు గిన్నెలో పోసింది. శొంఠి కొట్టి వేసింది, మిరియాలు నూరి వేసింది, రెండు తులసాకులు తుంచి వేసింది. ముప్పావు గంట మరిగింది. వంటింటి కిటికీలోంచి వెళ్లవలసినదంతా వెళ్లిపోయింది. గోడ మీది పిల్లి మామూలుగా మమ్మల్ని చూసి పారిపోయేది, ఆ రాత్రి అక్కడే కూర్చుంది. చివరికి తేలింది చిన్న గ్లాసుడు. చినమావయ్యకు, మాష్టారికి, నాకు తలా రెండు గుక్కలు వచ్చాయి.

రుచి సంగతి. వైను రుచి చూసేవాళ్లు దానికి అంచెలంచెలుగా వర్ణన చెబుతారని విన్నాను కాబట్టి నేనూ ప్రయత్నిస్తాను. నాలుక చివర లవంగం. నాలుక మధ్యకి వచ్చేసరికి పళ్ల డాక్టరు కుర్చీ. మింగాక చాలాసేపటి వరకు చిన్నప్పటి టైఫాయిడు.

అయినా ఎక్కింది. ఇదే నాకిప్పటికీ అంతుపట్టని విషయం. "జర్మనీ సరుకు కదా, తలకెక్కేసింది అల్లుడూ" అని చినమావయ్య తూలుతూ లేచి, పదేళ్లుగా మాట్లాడని తోడల్లుడికి ఫోన్ చేసి ఏడ్చాడు. మాష్టారు పదమూడో ఎక్కం అప్పజెప్పి పదమూడు తొమ్ములు దగ్గర చిక్కుకున్నారు. మావాడు ఇంజినీరు. గిన్నెలో ఇక మిగిలింది పంచదార పాకం, శొంఠీ తప్ప మరేమీ కాదని ఇద్దరికీ లెక్క వేసి చెప్పాడు. వాళ్లు ఒప్పుకోలేదు. నా మాటకొస్తే, గోడ పట్టుకునే గదిలోకి వెళ్లాను.

మన భాషలో రోగానికి వేసుకునేదీ మందే, సాయంత్రం వేసుకునేదీ మందే. ఈ రెండు అర్థాల మధ్య మా చినమావయ్య ఒక జీవితకాలం గడిపాడు. 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ రెండేళ్లూ చినమావయ్యకు అజీర్తి. రోజూ రాత్రి ద్రాక్షారిష్టమనే ఆయుర్వేద మందు పడితే గానీ అన్నం అరిగేది కాదు. ఎండుద్రాక్ష, బెల్లం, దాల్చినచెక్క, యాలకులు, మిరియాలు, పిప్పళ్లు చేర్చి మూత బిగించి పులియబెడతారు. పులిసేటప్పుడు పుట్టే ఆల్కహాలు అందులోనే ఉంటుంది. అత్త పాపం కొలత మూతతో పోసిస్తే, ఆయన సీసా ఎత్తి గొంతులో కొలుచుకునేవాడు. నిషేధం సడలిన వారంలోనే అజీర్తి దానికదే తగ్గిపోయింది. అంత మొండి జబ్బు ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో కుదరడం వైద్యశాస్త్రంలో అరుదు. అలాంటి అనుభవజ్ఞుడు ఈ గ్లూవైన్ని వాసన చూడగానే, "ఇది మన అరిష్టమే అప్పా, పాస్‌పోర్టు చేయించుకుంది" అన్నాడు.

ఈ దెబ్బతో నాలో ప్రాంతీయాభిమానం మేలుకుంది. వైనులో సుగంధ ద్రవ్యాలు వేసుకోవడం రోమన్ల కాలం నుంచీ ఉంది. తేనె, మిరియాలు, కుంకుమపువ్వు, ఖర్జూరాలు వేసి కాచుకునేవాళ్లు. ఇలాంటి విలాసాలకు ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ సొమ్ము ఇండియాకే పోతోందని ప్లినీ అనే పెద్దమనిషి సుమారు 1,950 ఏళ్ల కిందట లబలబలాడాడు. మన కళింగపట్నం పాత రేవు, పక్కనే వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు. ఇంకేముంది, ఆ సొమ్ములో మన జిల్లా వాటా తేల్చాలని పెన్ను తీశాను. మాష్టారు అడ్డం పడ్డారు. రోమన్లకి మిరియాలు వెళ్లింది పడమటి తీరం నుంచి, కేరళ వైపు రేవుల నుంచి అన్నారు. ఆ ఒక్క నిజం వల్ల ఈ వ్యాసంలో రెండు మంచి పేరాలు పోయాయి.

అడ్డం పడ్డ పాపానికి ఆయనే ఒక ప్రతిపాదన తెచ్చారు. మసాలా మనింట్లోనే ఉంది, వైను ఒక్కటి కొంటే జర్మనీ మీద ఆధారపడక్కర్లేదు కదా అని. సరే, ఇద్దరం టోపీలు పెట్టుకుని వైన్ షాపుకి వెళ్లాం.

తెలుగునాట మందు దుకాణాన్ని వైన్ షాపు అంటాం. బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్ము, బీరు అన్నీ ఉంటాయి. కౌంటర్లో కుర్రాడు ముందు మమ్మల్ని, తర్వాత మా టోపీల్ని చూశాడు.

"వైనా? వైనంటే... ఏ బ్రాండు సార్?"

"ఏదైనా పర్లేదు బాబూ, ఎర్రది. ఇది వైన్ షాపే కదా?"

"వైన్ షాపే సార్. వైను రాదు. ఇక్కడెవులు తాగుతారు సార్ అది?" అని, మా మొహాలు చూసి జాలిపడి, "99 రూపాయల క్వార్టర్ ఉంది. కావాలంటే లవంగం నమలండి" అని సలహా ఇచ్చాడు. వెనక లైన్లో ఉన్న పెద్దాయన మమ్మల్ని భుజంతో పక్కకు జరిపేశాడు. వైన్ షాపుకొచ్చి వైను అడిగేవాడివల్ల పనున్నవాళ్లకి ఎంత ఆలస్యమో ఆయన భుజంలో తెలిసింది.

కాబట్టి ఉన్న అర లీటరుతోనే సరిపెట్టుకోవాలి. జనవరి ఒకటిన మటన్ తెచ్చాను. విదేశాల్లో మాంసాన్ని వైనులో నానబెడతారని ఎక్కడో చదివి, మా ఆవిడ చూడకుండా ఒక కప్పు పోశాను. ముక్క మెత్తబడిన మాట వాస్తవం. కానీ గ్లూవైన్లో పంచదార కూడా ఉంటుందన్నది ఆ తొందరలో గుర్తు రాలేదు. కూర వంకాయ రంగులోకి తిరిగింది, రుచి పరమాన్నం వైపు తిరిగింది. మావాడు మర్యాదకి రెండు ముక్కలు తిన్నాడు. ధనుర్మాసం అని అమ్మ ఎలాగూ ముట్టదు. మా ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నావైపు చూసి, ఏమీ అనకుండా పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ ఏమీ అనకపోవడం ఇంకా కొనసాగుతోంది.

సెలవు లేక మావాడు పండక్కి ముందే తిరిగి వెళ్లిపోయాడు. సీసా మాత్రం వంటింటి అటక మీద ఉండిపోయింది. పారబొయ్యడానికి చేతులు రావు, ఎందుకంటే విమానం ఎక్కి వచ్చింది. తాగడానికి నోరు రాదు. చినమావయ్యే "అరిష్టం నయం" అనేశాడంటే ఇంక చెప్పేదేముంది.

దారి చూపించింది ఒక చుక్క. ఆ మటన్ రోజు హడావుడిలో కొంచెం వైను ఒలికి అటక కింద ఉన్న ఇత్తడి చెంబు మీద పడింది. మా అమ్మ పెళ్లికి బుడితి నుంచి తెచ్చిన చెంబు అది. భోగికి సామాన్లు దించుతుంటే, నల్లబడ్డ చెంబు మీద రూపాయి బిళ్లంత మేర బంగారంలా మెరుస్తోంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది, వాసన చూసింది, అటక వైపు చూసింది, నావైపు చూసింది. ఇవన్నీ ఆ వరసలోనే జరిగాయి. కషాయం కథ అక్కడితో ముగిసిందని నాకర్థమైంది.

కారణం మాష్టారు చెప్పారు. చింతపండు పులుపుకి మూలం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ, వైనులోనూ ఉన్నది అదే. ఇత్తడి మీది చిలుముని అది కరిగిస్తుంది. అమ్మకి ఆమ్లం పేరుతో పని లేదు. సీసా దించి, గుప్పెడు ఉప్పు వేసి, ఉద్దానం కొబ్బరి పీచు తీసుకుని పెరట్లో కూర్చుంది. రెండు బిందెలు, మూడు చెంబులు, గంగాళం, దీపపు కుందులు. అన్నిటికీ సరిగ్గా సరిపోయింది. గంగాళంలో నా మొహం చూసుకుంటే టోపీతో సహా కనిపించింది. కిలో చింతపండు మిగిలిందని అమ్మ లెక్క తేల్చింది. పెరడంతా లవంగాల వాసన, చీమలు బారులు తీరాయి.

భోగి నాడు మావాడు వీడియో కాల్ చేశాడు. వెనక కిటికీలో మంచు పడుతోంది.

"అమ్మమ్మా, ఆ గ్లూవైన్ మిగిలినది అయిపోయిందా?"

"ఒక్క చుక్క మిగల్నేదురా. సీసా కడిగి కూడా వాడేశాను. వచ్చే ఏడు రెండు తే."

వాడి మొహం వెలిగిపోయింది. "నచ్చిందా! అయితే తెల్లది కూడా ఉంటుంది అమ్మమ్మా, అదొకటి తెస్తాను."

అమ్మ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది.

"తెల్లదైతే వెండికి పనికొస్తాదేటో మాష్టార్ని అడుగు."