డిశ్చార్జి కాగితంలో లేని బరువు

మా చెల్లెలికి ఏడో నెలలో బీపీ 160/110కి చేరి, ఎనిమిదో నెలలోనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయవలసి వచ్చినప్పుడు, డ్యూటీలో ఉన్న వైద్యురాలు మా అందరి ముందూ ‘ఇంత ఒళ్ళు ఎందుకు చేశావమ్మా’ అని అడిగారు. ఆ ప్రశ్నలో వైద్యపరంగా నిజం లేకపోలేదు. కాని అడగవలసిన సమయం ఏడాది క్రితమే దాటిపోయింది.

ఫిట్స్ దాకా ముదిరితే మన పెద్దలు గుర్రపువాతం అనే ఈ జబ్బు, అంటే గర్భిణులకు బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా, గర్భం 20 వారాలు దాటాక బయటపడుతుంది. దాని బీజం మాత్రం అంతకు చాలా ముందే, కడుపులో బిడ్డను పోషించే మాయకు రక్తం అందించే నాళాలు వెడల్పు కావలసిన తొలి నెలల్లోనే పడుతుంది. గర్భానికి ముందు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక, 5 నుంచి 7 పాయింట్లు పెరిగిన ప్రతిసారీ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 2003లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి 5 పాయింట్లంటే 12 కిలోలు. చదువు ముగిసి, కూర్చుని చేసే ఉద్యోగంలో చేరి, పెళ్ళయ్యేలోపు ఆ 12 కిలోలు ఎవరికీ తెలియకుండానే చేరతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం స్త్రీలు అధిక బరువుతో ఉన్నారు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి ఒళ్ళు గురించి మొహమాటం లేకుండా మాట్లాడే మనం, పెళ్ళయ్యాక ఆమె బీపీ ఎంతో ఒక్కసారైనా చూపించుకోమని చెప్పము.

సన్నగా ఉన్నవారికీ ఇది వస్తుంది, లావుగా ఉన్నవారిలో ఎక్కువ మందికి రాదు; కనుక బరువును నేరంగా చూడడం తప్పు. గర్భం వచ్చాక కడుపు మాడ్చుకొమ్మనడం అంతకన్నా తప్పు. ఆ దశలో చేయవలసింది వేరే ఉంది. తొలి కాన్పు, 30 దాటిన బీఎంఐ వంటి కారణాలు ఒకటికి మించి ఉంటే, 12వ వారం తరువాత, వీలైతే 16వ వారం లోపే, ముప్పు తగ్గించేందుకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టే విషయం వైద్యులు ఆలోచించాలి. మా చెల్లెలికి ఈ రెండూ ఉన్నాయి. మూడో నెల నుంచీ క్రమం తప్పకుండా చూపించుకున్నా, ఆ మాత్ర మాట ఎవరూ ఎత్తలేదు. కాళ్ళకు నీరు పడితే ‘కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే’ అన్నాము. ఆ తప్పు మాది.

రెండు కాన్పుల మధ్య బరువు పెరిగితే ముప్పు పెరుగుతుందనీ, ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువనీ నేను తరువాత చదివి తెలుసుకున్నాను. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో బిడ్డ బరువు 1,700 గ్రాములని స్పష్టంగా రాశారు. తల్లి బరువు గురించి గాని, మలి కాన్పుకు ముందు ఏం చేయాలన్నది గాని అందులో ఒక్క ముక్క లేదు.