ఐపేజ్‌వ్యూమోడల్ గారికి బహిరంగ లేఖ

సీషార్ప్ కోడ్‌లో పేజీ వివరాలను తెర దాకా మోసే ఇంటర్‌ఫేస్ (క్లాసులో ఏమేం ఉండాలో చెప్పే ఒప్పందం) అయిన మహారాజశ్రీ ఐపేజ్‌వ్యూమోడల్ గారి సముఖానికి, మీ నీడన రేజర్ వ్యూలు (పేజీకి రూపమిచ్చే టెంప్లేట్లు) రాసుకుని బతికే డెవలపర్ నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం అని రాయలేను. మీరు మాత్రం బాగా ఒళ్లు చేశారని ప్రతి కోడ్ రివ్యూలోనూ కనిపిస్తూనే ఉంది.

ఒకప్పుడు ఎంత సన్నగా ఉండేవారండీ! ఇప్పుడు ఆప్టిమైజ్లీగా పేరు మారిన ఎపీసర్వర్ అనే సీఎంఎస్ (సైట్ కంటెంట్ నిర్వహించే సాఫ్ట్‌వేర్) వాళ్ల అల్లాయ్ శాంపిల్ సైట్‌లో మీకున్నవి మూడే ప్రాపర్టీలు: కరెంట్‌పేజ్, లేఅవుట్, సెక్షన్. పేరు పక్కన ‘అవుట్ టీ’ అని చిన్న తోక. మీ గొప్పంతా ఆ తోకలోనే ఉంది. సైట్ మొత్తానికీ మూల లేఅవుట్ ఫైల్ ఒక్కటే, అది అడిగేది సైట్‌పేజ్‌డేటా మోడల్. కంట్రోలర్ (పేజీ అడిగినప్పుడు డేటా సిద్ధం చేసే కోడ్) పంపేది ఆర్టికల్‌పేజ్ మోడల్. ఆర్టికల్‌పేజ్ సైట్‌పేజ్‌డేటాకి వంశంలో పుట్టిందే అయినా, జెనరిక్ క్లాసులు (ఏ రకం డేటాతోనైనా నింపుకోగల క్లాసులు) ఆ చుట్టరికాన్ని లెక్కచేయవు. 2010లో సీషార్ప్ 4.0 తల్లి రకం అడిగిన చోట బిడ్డ రకాన్ని ఇవ్వగల ‘అవుట్’ వెసులుబాటు ఇచ్చింది ఇంటర్‌ఫేస్‌లకు, డెలిగేట్‌లకు మాత్రమే. మీరు క్లాసుగా కాక ఇంటర్‌ఫేస్‌గా పుట్టడానికి కారణం అదీ. మీ మీద గౌరవం ఉందంటే అందుకే.

తర్వాత మిమ్మల్ని సత్రం చేశారు. హోమ్‌పేజీకి బ్యానర్ కావాలన్నారు, ఆ ప్రాపర్టీ మీలో చేరింది. సెర్చ్ పేజీకి ఫలితాల సంఖ్య కావాలన్నారు, అదీ మీలోకే. కుకీ నోటీసు, రచయిత ఫోటో, ఎవరో ఎప్పుడో తీసేసిన న్యూస్‌లెటర్ ఫారం తాలూకు జెండా, అన్నీ వచ్చి పడ్డాయి. కాంటాక్ట్ పేజీకి సెర్చ్‌తో ఏం పని? అయినా మిమ్మల్ని ఇంప్లిమెంట్ చేశాక తప్పదు కదా, పాపం నల్ (ఖాళీ విలువ) ఇచ్చి ఊరుకుంటుంది. ఆ నల్ కోసం వ్యూలో ఒక ఇఫ్. ఆ ఇఫ్ మరిచిపోయిన చోట మాకు రాత్రి ఫోన్.

మీ పరివారం సంగతి వేరే చెప్పాలా? బ్యానర్‌కి ఐబ్యానర్‌వ్యూమోడల్, ఫుటర్‌కి ఐఫుటర్‌వ్యూమోడల్. ఒక్కో ఇంటర్‌ఫేస్‌కి ఒక్కటే క్లాసు, ఇంకొకటి వచ్చే సూచనే లేదు. ఎందుకయ్యా అంటే టెస్టింగ్ కోసమట! లోపల ఉన్నవి విలువ చదివి ఇచ్చే నాలుగు గెట్టర్లు. వాటిని మాక్ చేసి (నకిలీవి పెట్టి) ఏం కనిపెడతారో నాకైతే అంతుపట్టలేదు.

ఇక శుభ్రత పిచ్చి ఉన్నవాళ్లు. ‘వ్యూకి సీఎంఎస్ వాసన తగలకూడదు’ అంటూ కరెంట్‌పేజ్‌ని దాచేసి, శీర్షికనీ మెయిన్‌బాడీనీ స్ట్రింగులుగా కాపీ చేశారు. ప్రాపర్టీని పేజీలో చూపించే ప్రాపర్టీఫర్ ఎగిరిపోయింది. దాంతోపాటే ఎడిటర్లు పేజీ మీదే నొక్కి మార్చుకునే సౌకర్యం కూడా. కోడ్ అద్దంలా ఉంది నిజమే, కంటెంట్ టీమ్ మాత్రం ఒక్క అక్షరం దిద్దడానికి ప్రాపర్టీల జాబితా అంతా వెతుక్కుంటోంది. సీఎంఎస్ కొన్నదే వాళ్ల కోసమన్న మాట ఆ డిజైన్ మీటింగులో ఎవరికీ గుర్తు రాలేదు.

కాబట్టి నా మనవి ఇంతే. మొదటి మూడు ప్రాపర్టీలూ ఉంచుకోండి. మిగతావన్నీ ఏ పేజీవి ఆ పేజీ వ్యూ మోడల్‌కే పంపించేయండి. వ్యూ మోడల్ క్లాసుకి మిమ్మల్ని ఇంప్లిమెంట్ చేసిన పేజ్‌వ్యూమోడల్ క్లాసుని తల్లిగా పెట్టుకుని కావాల్సినవి కలుపుకోవడం మాకు వచ్చు, మీరు బెంగపడక్కర్లేదు.

ఇట్లు,
మీ పేరిట నల్‌లు తిప్పి పంపీ పంపీ విసిగిన విధేయుడు

తా.క.: కరెంట్‌పేజ్‌కి సెట్టర్ (విలువ మార్చే దారి) కావాలని మొన్న ఎవరో కోడ్ మార్చారు. ‘అవుట్’ ఉండగా సెట్టర్ కుదరదని సీఎస్1961 ఎర్రర్‌తో కంపైలర్ అడ్డుపడింది. ఆ పెద్దమనిషి ఎర్రర్ మెసేజ్ శ్రద్ధగా చదివి, మీ పేరు పక్కనున్న ‘అవుట్’ తీసేశారు. బిల్డ్ పాసైంది. ఇంకా ఎవరూ పేజీ తెరిచి చూడలేదు.