యుద్ధం నుంచి వచ్చినవాణ్ణి అడగాల్సింది అది కాదు

మిలటరీలో చేసి వచ్చిన మనిషి కనబడితే మన ఊళ్లలో మొదట వచ్చే ప్రశ్న "ఎంతమందిని లేపేశావు?" రెండోది "క్యాంటీన్ బాటిల్ ఏమన్నా ఉందా?" ఈ రెండూ మా చిన్నాన్నను పెళ్లిళ్లలో, టీ కొట్ల దగ్గర నా ఎదుటే అడిగారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. రాత్రిపూట ఆయన ఎలా లేచి కూర్చుంటాడో, ఏమని అరుస్తాడో మా పిన్నికి మాత్రమే తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా ఆవిడొక్కతే చూసుకుంటోంది. నా కోపమంతా దాని గురించే.

చిన్నాన్నది మద్రాస్ రెజిమెంట్. వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయ్యాక శాంతిసేనలో శ్రీలంక వెళ్లాడు. 1987 జులై 29న మన ప్రభుత్వానికి, శ్రీలంక ప్రభుత్వానికి మధ్య ఒప్పందం కుదిరింది, అక్కడ శాంతి కాపాడమని మనవాళ్లను పంపారు. అక్టోబరుకల్లా తమిళులకు వేరే దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈతో నేరుగా యుద్ధమే. శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నాలో యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 29 మంది ఆ ఒక్క పోరులోనే పోయారు, ఒక్కడు ప్రాణాలతో పట్టుబడ్డాడు. 1990 మార్చిలో ఆఖరి దళం ఓడెక్కేసరికి మన సైనికులు దాదాపు 1,200 మంది చనిపోయారు.

మాది శ్రీకాకుళం జిల్లా. జాఫ్నా కూడా మా ఊరిలాగే ఉంటుందట: ఇసుక నేల, ఉప్పుగాలి, ఎటు చూసినా తాటిచెట్లు. ఆ తోపుల్లోంచే తూటాలు వచ్చేవి, రోడ్ల కింద మందుపాతరలు ఉండేవి. ఇంటికొస్తే కళ్ల ముందు మళ్లీ అదే నేల. ముంజల కాలంలో ఊరంతా తోపులోకి పోతుంది, చిన్నాన్న పోడు. తారురోడ్డు మీద కొత్తగా పూడ్చిన గొయ్యి కనబడితే బండి దిగి, అంచు వెంబడి నడిపించుకుంటూ వెళ్తాడు. ఊళ్లో దానికి చాదస్తం అని పేరు పెట్టారు.

అన్నిటికంటే ఆయన్ని తినేసేది భాష. రెజిమెంట్‌లో తమిళం బాగా వచ్చేసింది. సోదాకు వెళ్లిన ఇంట్లో ముసలమ్మ ఏమని తిడుతుందో, పిల్లలు ఏమని ఏడుస్తున్నారో ప్రతి మాటా అర్థమయ్యేది. అర్థమవుతూనే తలుపులు తన్నాలి. ఒక్కసారే చెప్పాడీ సంగతి, మళ్లీ ఎత్తలేదు. 1987 అక్టోబరు 21, 22 తేదీల్లో జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. చిన్నాన్న అక్కడ లేడు. అయినా ఆ పేరు వింటే లేచి బయటికి వెళ్లిపోతాడు. సైనికుడి బాధంటే శత్రువు తనకు చేసింది ఒక్కటే అనుకుంటాం. తన వైపు వాళ్లు చేసింది, తను చూస్తూ ఆపలేనిది కూడా మనిషిని నిద్రపోనివ్వదు. ఇది చెప్పుకోవడానికి మన దగ్గర చోటే లేదు. చెబితే దేశద్రోహం అంటారు, చెప్పకపోతే గుండెలో పుండు.

"మరి ఆర్మీలోనే డాక్టరుకు చెప్పుకోవచ్చుగా" అని ఒకాయన నన్ను అడిగాడు. ఆర్మీలో 'షేప్' అని మెడికల్ గ్రేడింగ్ ఉంటుంది. అందులో మొదటి అక్షరం 'ఎస్' మనసు ఆరోగ్యానికే. అది తగ్గితే ప్రమోషన్ మీద దెబ్బ పడుతుందని భయం. అందుకే నిద్ర పట్టడం లేదని చెప్పరు. కాగితం మీద ఏమీ లేకుండా బయటికొస్తారు. ఏళ్ల తర్వాత జబ్బు బయటపడితే, అది సర్వీసు వల్లే వచ్చిందని ఏ రికార్డు చూపించి రుజువు చేసుకోవాలి? మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ వచ్చిందే 2003లో. చిన్నాన్నలాంటి వాళ్లు అప్పటికి బయటికొచ్చి ఎన్నో ఏళ్లు. నలభై నిండకుండానే పెన్షన్‌తో ఇంటికొచ్చిన మనిషికి దొరికిన ఉద్యోగం బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ. మళ్లీ భుజాన తుపాకీయే!

కార్గిల్‌కు జులై 26 ఉంది, ఉండాల్సిందే. శ్రీలంక వెళ్లినవాళ్ల కోసం ఏ తేదీన మన స్కూళ్లలో జెండా ఎగరేశారో ఎవరైనా చెప్పండి. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో తెరిచారు. అంతకు ఏళ్ల ముందే శ్రీలంక వాళ్లు కొలంబో పక్కన మన జవాన్ల పేర్లతో స్మారకం కట్టారు. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. సరే, పోయినవాళ్లకు రాయి మీద పేరైనా దక్కింది. తిరిగొచ్చిన వాళ్ల సంగతేంటి?

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పెన్షన్ కాగితాలతో పాటు ఇంటి ఇల్లాలిని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. బీపీ, షుగర్ చూసే డాక్టరు నిద్ర గురించి అడగాలి. ఇవి కోట్లు ఖర్చయ్యే పనులు కావు. మనసు బాధ ఫోన్‌లో చెప్పుకోవడానికి ప్రభుత్వం టెలిమానస్ నంబరు 14416 పెట్టింది, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మా పిన్నికి ఈ నంబరు ఏ ఆఫీసూ చెప్పలేదు. మీ వీధిలో మిలటరీ ఆయన ఉంటే వాళ్లావిడకు ఇవాళే రాసివ్వండి. ఆయన్ని మాత్రం ఎంతమందిని చంపావని అడగకండి.