ముక్కున పట్టిన చదువు: బట్టీ గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ బట్టీ గారి సముఖానికి,

రెస్పిరేటరీ థెరపీ, అంటే ఊపిరి ఆడనివాళ్ళకి ఊపిరి అందించే విద్య, చదువుతున్నవాళ్ళమూ, చెబుతున్నవాళ్ళమూ కలిసి రాసుకుంటున్న అర్జీ. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, పరీక్షలు దగ్గర పడ్డాయి కదా.

తమరి మేలు మరిచేంత కృతఘ్నులం కాము. లెక్కల బాధ వదులుతుందని ఇంటర్లో బైపీసీ తీసుకున్న పిల్లలకి డిగ్రీలో చేరీ చేరగానే లాగరిథమ్ ఎదురై బిక్కచచ్చిపోతే, చెయ్యి పట్టుకుని గట్టెక్కించింది తమరే. హెండర్సన్-హాసెల్‌బాక్ సమీకరణం (రక్తం పీహెచ్ లెక్కగట్టేది) రాయమంటే 6.1 దగ్గర మొదలుపెట్టి బైకార్బొనేట్ దాకా ఒక్క గుక్కలో అప్పజెప్పించారు. తెలుగులో తమరి పద్ధతికి ముక్కున పట్టడమని కూడా అంటారు. మిగతా చదువుల మాటేమో గానీ, మా చదువు ముక్కు దగ్గరే ఆగిపోతే కష్టమండీ. కథంతా ముక్కు దాటాకే ఉంది.

సిలిండరు సంగతే చూడండి. బాయిల్ సూత్రం తమరికి కొట్టిన పిండి. "స్థిర ఉష్ణోగ్రత వద్ద వాయువు ఘనపరిమాణం పీడనానికి విలోమానుపాతంలో ఉండును." ఆ 'ఉండును' కూడా పొల్లుపోదు. సరే, అంబులెన్సులో 'బి' టైపు సిలిండరు ఎక్కించారు. పీడనం చూపే గేజి 100 బార్ చూపిస్తోంది, అంటే బయటి గాలి పీడనానికి సుమారు వంద రెట్లు. మాస్కుకి నిమిషానికి 10 లీటర్లు పోతోంది. సిద్దిపేట నుంచి హైదరాబాదు వెళ్ళాలి. చాలుతుందా?

తమరు గేజి వంక చూసి "సగం పైనే ఉందిగా" అంటారు. ఆ సిలిండరులో నీళ్ళు పోస్తే పట్టేవి 10 లీటర్లు. గేజి మీద 100 ఉందంటే, బయటి గాలి పీడనం దగ్గర అది 1000 లీటర్ల ఆక్సిజన్. గేజిలో చివరి 10 లెక్కలోకి తీసుకోకూడదు, అది ఆపదకి. మిగిలింది 900 లీటర్లు, అంటే 90 నిమిషాలు. దారేమో వంద కిలోమీటర్లు, ఆపైన సిటీ ట్రాఫిక్. బాయిల్ 1662లో చెప్పిన మాట ఇదే. తమరు ఆయన పేరు, సంవత్సరం భద్రంగా దాచుకుని మాట ఒక్కటీ వదిలేశారు.

పైగా ఇదే లెక్క మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్ సిలిండరు మీద ప్రయోగిస్తారు! అందులో ఉండేది ద్రవం. ద్రవం ఉన్నంతసేపూ గేజి 50 దగ్గర బండరాయిలా కూర్చుంటుంది, అయిపోయాక ఒక్కసారిగా కూలుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండరుని తూచాల్సిందే. బెజవాడ ఎండాకాలంలో ఇంకో తిరకాసు ఉంది. 36.4 డిగ్రీలు దాటితే నైట్రస్ ద్రవంగా ఉండనే ఉండదు. ఏసీ లేని స్టోర్‌రూములో మే నెలలో ఆ గేజి చూపించే అంకె వేరు. క్రిటికల్ టెంపరేచర్ అనే రెండు మార్కుల ప్రశ్నకి అర్థం ఇదేనని తమరెప్పుడూ చెప్పలేదు.

ఇక అసలు ఫిర్యాదు. కట్లపాము కరిచిన మనిషిని తీసుకొచ్చారు. ఊపిరితిత్తులకి ఏ జబ్బూ లేదు, ఊపిరి లాగే కండరాలు చచ్చుబడుతున్నాయంతే. నిమిషానికి 24 సార్లు, పైపైన, సారికి 250 మిల్లీలీటర్లు లాగుతున్నాడు. తమరు గబగబా గుణించి "6 లీటర్లు, నార్మల్" అని తేల్చేస్తారు. నిజమే, ఆరోగ్యవంతుడు 500 చొప్పున 12 సార్లు లాగినా 6 లీటర్లే. కానీ ప్రతి ఊపిరిలో 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, గాలి గొట్టాల్లోనే తచ్చాడి వెనక్కి వచ్చేస్తాయి. "డెడ్ స్పేస్ ఎంత?" అంటే "150" అని వైవాలో టక్కున చెప్పించింది తమరే కదా, దాన్ని తీసెయ్యాలని చెప్పడానికి నోరెందుకు రాలేదు? తీసేస్తే ఆరోగ్యవంతుడికి గాలి గదుల్లోకి చేరేది 4.2 లీటర్లు, ఇతనికి 2.4. గాలి అంత తగ్గితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. దాని పీడనం 40 మిల్లీమీటర్లు (పాదరస మట్టంలో) ఉండాల్సింది కాసేపటికి 70 అవుతుంది.

ఇప్పుడు ఆల్వియోలర్ గ్యాస్ ఈక్వేషన్, అంటే గాలి గదుల్లో ఆక్సిజన్ పీడనం ఎంతో తేల్చే లెక్క. తమరికి ప్రాణప్రదం, అయిదు మార్కులు. సముద్రమట్టంలో గాలి పీడనం 760లోంచి నీటి ఆవిరి 47 తీసేస్తే 713. అందులో ఆక్సిజన్ 21 శాతం, 150. కార్బన్ డయాక్సైడ్ 70ని 0.8తో భాగిస్తే 87. తీసేయగా గాలి గదుల్లో ఆక్సిజన్ పీడనం మిగిలింది 62 చిల్లర. ధమనిలోకి వచ్చేసరికి ఇంకో పది తగ్గుతుంది. వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 85 దగ్గర కొట్టుకుంటూ కీచుమంటుంది. అందరూ పరుగెత్తుకొస్తారు. మంచిదే.

ఎవరో 28 శాతం వెంచురి మాస్కు (ఆక్సిజన్‌ని గది గాలితో కలిపి నిర్ణీత శాతంలో ఇచ్చేది) తగిలిస్తారు. 713లో 28 శాతం 200. అందులోంచి 87 పోతే 112. ఆక్సీమీటర్ 97కి ఎక్కుతుంది. కీచు ఆగుతుంది. బంధువులు దణ్ణం పెట్టుకుంటారు. వచ్చినవాళ్ళు వెనుదిరుగుతారు. తమరు కేస్ షీట్లో "శాచురేషన్ 97, స్టేబుల్" అని రాయించి టీకి వెళతారు.

కార్బన్ డయాక్సైడ్ మాత్రం 70 దగ్గరే ఉంది, పైకి పోతోంది. మాస్కు మార్చింది సమీకరణంలో మొదటి సగాన్నే. రెండో సగం జోలికి ఎవరూ పోలేదు. అక్కడికి తమరి లాగరిథమ్‌ని పిలవండి ఒకసారి. బైకార్బొనేట్ 27, కింద 0.03 ఇంటూ 70, అంటే 2.1. భాగిస్తే 13కి అటూ ఇటూ, లాగ్ 1.1. దానికి 6.1 కలిపితే పీహెచ్ 7.2, అంటే రక్తం ఆమ్లం వైపు ఒరిగిపోయింది. ఆ టీ చల్లారేలోపు అతని మెడ వాలిపోతుంది. అప్పుడు కావలసింది ఇంకో రంగు మాస్కు కాదు, లోపలికి గాలి కొట్టే మనిషో మిషనో. మెడ కండరాల బలం, మాట తీరు, ఒక్క గుక్కలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలుగుతున్నాడో చూస్తే ముందే తెలిసేది. వేలి క్లిప్పు ఇవేవీ చూడదు.

వెంచురి మాస్కు రంగుల పట్టిక కూడా తమరి ఘనకార్యమే. నీలం 24, తెలుపు 28, పసుపు 35, ఎరుపు 40, ఆకుపచ్చ 60. బాగుంది. మరి ఫ్లో మీటరు 4 నుంచి 8కి తిప్పి "శాతం పెంచాం" అనుకునే పిల్లల్ని ఏం చేయాలి? మాస్కుకి తగిలించే ఆ తెల్ల ముక్క ఒక లీటరు ఆక్సిజన్‌కి పది లీటర్ల గది గాలి పీలుస్తుంది. ఫ్లో పెంచితే రెండూ పెరుగుతాయి, నిష్పత్తి కదలదు. కదిలేది ఎప్పుడంటే, గది గాలి లోపలికొచ్చే ఆ ముక్క కిటికీలు దుప్పటి కప్పి మూసేసినప్పుడు. గది గాలి ఆగి శాతం పెరుగుతుంది, మొత్తం ప్రవాహం పడిపోతుంది. ఇది ఏ గైడులోనూ ఇంపార్టెంట్ క్వశ్చన్ కాదు కాబట్టి తమరికి తెలిసే అవకాశం లేదు.

గొట్టం సన్నబడితే అవరోధం ఎంత పెరుగుతుందో చెప్పే పాయ్‌జోయ్ సూత్రం గురించి ఒక్క ముక్క. "వ్యాసార్థం నాలుగో ఘాతం" అని చిలకలా పలికిస్తారు. పెద్దవాళ్ళ 8 మిల్లీమీటర్ల గాలి గొట్టంలో చుట్టూ ఒక మిల్లీమీటరు వాపు వస్తే అవరోధం సుమారు మూడు రెట్లు. పసిబిడ్డ 4 మిల్లీమీటర్ల గొట్టంలో అదే వాపు వస్తే పదహారు రెట్లు. "చిన్న జలుబేగా" అనే మాట పసివాళ్ళ వార్డులో ఎందుకు అనకూడదో ఆ నాలుగో ఘాతమే చెబుతుంది.

కాబట్టి ప్రార్థన ఏమనగా, పుస్తకాల మీద పెత్తనం తమరే ఉంచుకోండి, వార్డు గుమ్మం దగ్గర మాత్రం చెప్పులతో పాటు ఆగిపోండి.

ఇట్లు,
తమరి వల్లనే పాసైన
విధేయులు

తా.క. తమరిని పూర్తిగా వెళ్ళగొట్టే ఉద్దేశం లేదు. 760, 47, 0.8, 0.03, 6.1, బి టైపుకి 10 లీటర్లు. రాత్రి రెండు గంటలకి ఇవి ఎవరూ వెతుక్కుంటూ కూర్చోలేరు, బట్టీ కొట్టాల్సిందే. ఆ పని తమరికే వదిలేశాం. జీతం మామూలే.